ఇప్పటివాళ్లు పాతతరం కంటే తెలివైనవాళ్లా?

ఐక్యూ లెక్క చూస్తే అవుననే అనాలి. న్యూజిలాండ్‌లో పనిచేసిన పరిశోధకుడు జేమ్స్ ఫ్లిన్ 1984లో అమెరికా వాళ్ల పాత స్కోర్లు తిరగేసి, 1932 నుంచి 1978 దాకా సగటు దాదాపు 14 పాయింట్లు పెరిగిందని చూపించాడు. సగటును ఎప్పటికప్పుడు 100కి సర్దేస్తారు కాబట్టి ఈ పెరుగుదల బయటికి కనపడదు.

అంత తక్కువ కాలంలో మెదడేమీ మారిపోదు. మారింది ఆలోచించే అలవాటు. 1930ల మొదట్లో రష్యన్ మనస్తత్వవేత్త లూరియా ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో చదువురాని రైతులను ఇలా అడిగాడు: మంచు కురిసే ఉత్తరాన ఎలుగుబంట్లన్నీ తెల్లనివే, ఫలానా ఊరు అక్కడే ఉంది, మరి ఆ ఊరి ఎలుగుబంటి ఏ రంగు? నేను చూడలేదు, నాకేం తెలుసు అన్నట్టు జవాబిచ్చారు కొందరు. అది తెలివితక్కువతనం కాదు, చూడనిదాని గురించి మాట్లాడకపోవడం. (ఇప్పుడు వాట్సాప్‌లో ఆ గుణం కాస్త ఉంటే బాగుండు.) "అలా అనుకుందాం" అనడం మనకు బడి నేర్పింది.

మా నానమ్మకు సంతకం కూడా రాదు. పాలు పోసిన లెక్క గోడ మీద బొగ్గు గీతలుగా ఉండేది. నెలాఖరుకు పావులు, ముప్పావులతో సహా నోటితోనే తేల్చేసేది. నేను ఫోన్ తీస్తాను. కానీ ఐక్యూ పరీక్షల్లోలాగా బొమ్మల వరుసలో తర్వాతది ఏదని అడిగితే గెలిచేది నేనే.

పైగా పెరుగుదల ఆగదనీ లేదు. నార్వేలో 1970ల మధ్య నుంచి పుట్టిన కుర్రాళ్లకు సైన్యం పెట్టే ఐక్యూ పరీక్షల్లో స్కోర్లు తగ్గుతూ వచ్చాయి. ఒకే ఇంటి అన్నదమ్ముల్లోనూ ఆ తేడా కనిపించింది, కాబట్టి జన్యువుల మీదికి నెట్టలేం.