నీరు ఒంటబట్టాలంటే ఉప్పూ చక్కెరా ఎందుకు?

ప్రశ్న: మొన్నటి ఎండల్లో మా అబ్బాయికి విరేచనాలు పట్టుకుంటే డాక్టరు గారు ఓఆర్‌ఎస్ నీళ్లే పట్టమన్నారు, గ్లూకోజు పొడి, కూల్‌డ్రింకులు వద్దన్నారు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయేమో, ద్రవాభిసరణం వల్ల నీరు దానంతటదే కణంలోకి వెళ్తుందని పాఠంలో ఉందంటోంది. దానంతటదే వెళ్లే నీటికి ఉప్పూ చక్కెరా ఎందుకండీ?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీ అమ్మాయి చెప్పింది సరైనదే. అయితే నీరు దానంతటదే వెళ్తుందన్న మాట వెనుక ఒక షరతు ఉంది. కరిగిన పదార్థాలు ఎటువైపు ఎక్కువగా ఉంటే నీరు అటే నడుస్తుంది. మాగాయ కోసం ఉప్పు పట్టించిన మామిడి ముక్కల నుంచి ఊట దిగడానికి కారణం అదే. నీటిని పట్టి పేగులోంచి రక్తంలోకి తోడిపోసే పంపు అంటూ మన కణాలకు లేదు కాబట్టి, నీరు కదలాలంటే ముందు లవణం కదలాలి. శరీరం శక్తి ఖర్చు పెట్టేది లవణాన్ని కదిలించడానికే. నీరు దాని వెంట పోతుంది.

మరి లవణం సులువుగా కదులుతుందా అంటే, అదీ లేదు. కణాన్ని చుట్టి ఉండే కణత్వచం రెండు వరుసల కొవ్వు అణువులతో ఏర్పడిన పొర. దాని మందం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ వంటివి దానిలోంచి నేరుగా దాటిపోతాయి గానీ, ఉప్పులోని, విద్యుదావేశం ఉన్న సోడియం అయాను ఆ కొవ్వు పొరను దాటలేదు, నీటిలో కరిగే గ్లూకోజూ దాటలేదు. ఇటువంటి వాటి కోసం త్వచంలో ప్రత్యేకమైన ప్రోటీన్లు అమరి ఉంటాయి. నీటికి సైతం ఆక్వాపోరిన్లనే దారులు ఉన్నాయని పీటర్ అగ్రే 1992లో నిరూపించి, 2003లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు.

ఈ ప్రోటీన్లలో కష్టజీవి సోడియం–పొటాషియం పంపు. అది కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును ఒకదాన్ని ఖర్చు చేసి 3 సోడియం అయాన్లను బయటికి నెట్టి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తీసుకుంటుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ పీత నరాల మీద పరిశోధన చేసి 1957లో దీన్ని వెల్లడించారు. నోబెల్ మాత్రం నలభై ఏళ్లు ఆగి, 1997లో గానీ రాలేదు. ఈ పంపు విశ్రాంతి లేకుండా పనిచేయడం వల్ల కణం లోపల సోడియం ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది, అందుచేత బయటి సోడియం లోపలికి రావడానికి సదా సిద్ధంగా ఉంటుంది.

మీ ప్రశ్నకు అసలు సమాధానం ఇక్కడే ఉంది. చిన్నపేగు కణాల మీద, ఆహారం వైపున ఉండే ముఖంలో, ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. అది ఒక గ్లూకోజు అణువుతో పాటు రెండు సోడియం అయాన్లు దొరికితేనే వాటిని కలిపి లోపలికి చేరుస్తుంది. రెంటిలో ఏది లోపించినా పని సాగదు. లోపలికి వచ్చిన సోడియంను కణం అవతలి ముఖంలో ఉన్న పంపు రక్తం వైపుకు నెడుతుంది, గ్లూకోజు మరో ప్రోటీన్ ద్వారా అటే వెళ్తుంది, నీరు వాటిని అనుసరిస్తుంది. ఎంత తీవ్రమైన కలరా వచ్చినా ఈ జంట రవాణా చాలావరకు చెడకుండా ఉండటం మన అదృష్టం. కలరా విషం క్లోరైడ్ దారులను తెరిచి నీటిని పేగులోకి పారిస్తుందే తప్ప, ఎస్‌జీఎల్‌టీ1 జోలికి పోదు.

ఈ జంట రవాణాను 1960లో అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు చాలకపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించే పద్ధతిని పెద్ద ఎత్తున అమలు చేశారు. అక్కడ 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఇంత చౌకైన మందుకు మన ఇళ్లలో ఇప్పటికీ దక్కవలసిన గౌరవం దక్కడం లేదని నా అభిప్రాయం.

ఇక గ్లూకోజు పొడిలో చక్కెర ఉంది గానీ, జంటకు కావలసిన సోడియం తగినంత లేదు. కూల్‌డ్రింకు ఇంకా చేటు: లీటరుకు దాదాపు 100 గ్రాముల చక్కెర ఉండే ఆ పానీయంలో, పీల్చుకోలేక మిగిలిన చక్కెర నీటిని ఎదురు పేగులోకే లాగుతుంది. 2002 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్‌ఎస్ సూత్రంలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితో పాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ మాత్రమే ఉంటాయి. సోడియం, గ్లూకోజు అణువుల సంఖ్య సమానంగా ఉండేలా ఈ కొలతలు పెట్టారు. అందువల్ల ప్యాకెట్ మీద ఎంత నీరు రాసి ఉంటే అంతే కలపాలి, ‘రుచి కోసం’ మరో చెంచా పంచదార వేయకూడదు. తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకోరాదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది కాబట్టి, కొనేటప్పుడు ప్యాకెట్ వెనుక సూత్రం చదవండి. ప్యాకెట్ దొరకని రాత్రి కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలపవచ్చు. బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తాను. చేతులు నిప్పులా మండుతాయి, పట్టుకు చూస్తే వేడేమీ ఉండదు. నీళ్లతో ఎంత కడిగినా పోదేం?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఇదీ కణత్వచం సంగతే. మిరపలోని కాప్సైసిన్ కొవ్వులో కరిగే పదార్థం గనుక ఏ దారీ అడగకుండా త్వచంలోకి చొరబడి, నాడీకణంలోని టీఆర్‌పీవీ1 అనే దారిని లోపలి వైపు నుంచి తెరుస్తుంది. మామూలుగా ఆ దారి 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకునేది. తెరుచుకోగానే కాల్షియం, సోడియం అయాన్లు లోపలికి దూసుకొస్తాయి, మెదడు దాన్ని కాలినట్టే లెక్కగడుతుంది. దీన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్‌లో భాగం దక్కింది. పక్షుల్లో ఈ దారి కాప్సైసిన్‌కు లొంగదు. చిలకలు పండు మిరపకాయలను హాయిగా తినేది అందుకే. కాప్సైసిన్ నీటిలో కరగదు కాబట్టి, ముందు చేతులకు వంటనూనె బాగా రుద్ది, తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడుక్కోండి; అంతవరకు కళ్లు తాకకండి.