ఛేజ్ కౌంటీ జనాభా లెక్క ఎందుకు కుదరడం లేదంటే

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఉన్న ఛేజ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) మీద మీరు రాసిన వ్యాసంలో కౌంటీ కేంద్రం కాటన్‌వుడ్ ఫాల్స్ అని ఉంది, 2020 జనాభా మాత్రం 3,893 అని వేశారు. ఆ అంకె నెబ్రాస్కా రాష్ట్రంలో అదే పేరుతో ఉన్న ఛేజ్ కౌంటీది, దాని కేంద్రం ఇంపీరియల్. మీరు రాస్తున్న కాన్సస్ ఛేజ్ జనాభా 2,572. పేరుతో వెతికితే రెండూ కలిసిపోతాయి కాబట్టి సెన్సస్ పట్టికల్లో ఐదంకెల కోడ్‌తో వెతకండి: కాన్సస్‌ది 20017, నెబ్రాస్కాది 31029. మొదటి రెండంకెలు రాష్ట్రానివి.

జనసాంద్రతకు నీళ్లున్న భాగం కూడా కలిపిన మొత్తం విస్తీర్ణం కాకుండా నేల విస్తీర్ణమే తీసుకోండి. 773 చదరపు మైళ్లకు, చదరపు మైలుకు సుమారు 3.3 మంది వస్తారు.

1900లో 8,246 మంది ఉన్నచోట ఇంత తగ్గడానికి మీరు కరువు ఒక్కటే కారణమన్నారు, అది సరిపోదు. ఈ కౌంటీ ఉన్న ఫ్లింట్ హిల్స్ అనే గుట్టల ప్రాంతంలో సున్నపురాయి పొరల నిండా చెకుముకి రాయే, పైమట్టి పలచన. గుట్టల మీద నాగలి దిగదు, సాగంతా నది లోయల్లోనే. మిగతాదంతా పశువుల మేత, దానికి పెద్దగా మనుషులు అక్కర్లేదు. పొడుగు గడ్డి బతికిందీ అందుకే. 1996లో ఏర్పడిన టాల్‌గ్రాస్ ప్రైరీ (పొడుగు గడ్డి మైదానం) జాతీయ రక్షిత ప్రాంతాన్ని ఈ పేరాలోనే పెట్టండి, 1873 నాటి కోర్టు భవనాన్ని వ్యాసంలోని చరిత్ర భాగంలోకి మార్చండి.