అక్టోబరు గురువారం దాటితే ఏడాది ఆగాల్సిందే: ఇంగ్లండ్ బడి నిధుల గడువులపై పాఠకుల ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో ఉంటున్న పాఠకులు పంపిన ప్రశ్నల్లో పదేపదే వచ్చినవాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ పద్ధతులు వేరు కాబట్టి అక్కడివారు ఈ తేదీలు నమ్ముకోవద్దు.

ప్రశ్న: కౌన్సిల్ కింద నడిచే ప్రైమరీ బడికి ఈ ఏడాదే పేరెంట్ గవర్నర్‌ని, అంటే బడి పాలకమండలిలో తల్లిదండ్రుల ప్రతినిధిని, అయ్యాను. చలికాలంలో బడ్జెట్ గురించి అడిగితే ‘ఇంకా తేలలేదు’ అన్నారు. తీరా మే నెలలో ‘ఇప్పుడేం మార్చలేం’ అన్నారు. అసలు మా డబ్బు తేలేదెప్పుడు? (లెస్టర్)

జవాబు: వాళ్లు ‘తేలలేదు’ అన్ననాటికే ముప్పాతిక వంతు తేలిపోయి ఉంటుంది. అక్టోబరు మొదటి గురువారం స్కూల్ సెన్సస్, అంటే బడి పిల్లల అధికారిక లెక్క. ఆ రోజు మీ బడి రిజిస్టరులో ఎంతమంది పిల్లలుంటే, వచ్చే ఏడాది బడ్జెట్ అంతమందికే. జ్వరమొచ్చి ఆ రోజు రాని పిల్లవాడు కూడా పేరుంటే లెక్కలోకి వస్తాడు. మర్నాడు చేరిన పిల్ల రాదు.

ఆ తర్వాతి వరస ఇది. డిసెంబరులో విద్యాశాఖ, అంటే డీఎఫ్ఈ, ప్రతి కౌన్సిల్‌కీ డెడికేటెడ్ స్కూల్స్ గ్రాంట్ (బడుల కోసమే విడిగా ఇచ్చే నిధి) ఎంతో చెబుతుంది. అందులో నాలుగు భాగాలు: బడులు, హై నీడ్స్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు), ఎర్లీ ఇయర్స్ (నర్సరీ వయసు పిల్లలకు), కౌన్సిల్ కేంద్రంగా చేసే సేవలు. కౌన్సిల్ ఆ అంకెల్ని తన ఫార్ములాలో వేసి, అథారిటీ ప్రొఫార్మా టూల్ అనే ఎక్సెల్ ఫైలును జనవరి రెండో సగంలో డీఎఫ్ఈకి పంపుతుంది. ఫిబ్రవరి 28లోగా మీ బడి వాటా మీకు చెప్పాలి. ఇది చట్టబద్ధమైన గడువు. ఏప్రిల్ 1న ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది. గవర్నర్లు ఆమోదించిన బడ్జెట్‌ను, మూడేళ్ల అంచనాతో సహా, మే 1కీ జూన్ 30కీ మధ్య కౌన్సిల్ పెట్టిన తేదీలోగా ఇవ్వాలి. మీరు మేలో చూసిన కాగితం ఈ వరసలో చిట్టచివరిది.

అంకెల్లో చూడండి. 2025-26 జాతీయ ఫార్ములాలో ప్రైమరీ పిల్లవాడికి మూల మొత్తం 3,847 పౌండ్లు. అక్టోబరు లెక్కలో 12 మంది తగ్గితే 46,164 పౌండ్లు పోయినట్టే, అంటే రమారమి ఒక టీచరు ఖర్చు. మీ కౌన్సిల్ రేటు కాస్త అటూఇటూ ఉండొచ్చు. ‘మినిమమ్ ఫండింగ్ గ్యారంటీ ఉందిగా’ అని గవర్నర్ల సమావేశాల్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆ గ్యారంటీ ఒక్కో విద్యార్థికి వచ్చే రేటుకు మాత్రమే. 2025-26లో ఆ రేటు అరశాతానికి మించి తగ్గకూడదన్నారు. పిల్లలే తగ్గితే అది ఆదుకోదు.

చేరికల్లో ఆలస్యం ఇంకా గట్టిగా తగులుతుంది. 2025 నవంబరులో చేరిన పిల్ల 2026 అక్టోబరు లెక్కలోకి వస్తుంది. ఆ డబ్బు 2027 ఏప్రిల్‌లో మొదలవుతుంది. అంటే 17 నెలలు బడి తన చేతి డబ్బుతో చదివించాలి. అకాడమీల (కౌన్సిల్ కింద కాకుండా నేరుగా ప్రభుత్వ నిధులతో నడిచే బడుల) ఏడాది సెప్టెంబరులో మొదలవుతుంది గనక వాళ్లకు 22 నెలలు. కొత్త ఇళ్లు వెలుస్తున్న ప్రాంతాల్లో బడులు ఇబ్బంది పడేది ఇక్కడే. కౌన్సిల్ అడిగిందని అదనపు తరగతి తెరిచిన బడికి గ్రోత్ ఫండ్ (పిల్లలు పెరిగే చోట్ల కోసం కౌన్సిల్ పక్కన పెట్టే డబ్బు) నుంచి రావచ్చు. మామూలుగా సీట్లు నిండినందుకు మాత్రం రాదు.

కాబట్టి అడగాల్సిన కాలం సెప్టెంబరు. తరగతివారీగా ఎంతమంది ఉన్నారో, వెళ్లిపోయినవాళ్ల పేర్లు తీసేశారో లేదో, కొత్తవాళ్ల పేర్లు సెన్సస్ రోజుకల్లా ఎక్కుతాయో లేదో హెడ్‌టీచర్‌ను అడగండి. ఒకే పిల్లవాడు రెండు బడుల జాబితాల్లో ఉంటే డూప్లికేట్‌గా పట్టుబడతాడు. ఎవరి పిల్లవాడో రుజువు చూపాల్సిన పని అక్టోబరు సెలవుల వారంలో మీ ఆఫీసు మెడకు చుట్టుకుంటుంది. సెన్సస్ వివరాలు సరిదిద్ది పంపడానికి ఉండేది సుమారు నాలుగు వారాలే.

ఆ గురువారం మధ్యాహ్నం భోజనం కూడా లెక్కే. తొలి మూడు తరగతులైన రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2 పిల్లలకిచ్చే ఉచిత భోజనాల డబ్బు అక్టోబరు, జనవరి సెన్సస్ రోజుల్లో నిజంగా తిన్నవాళ్ల సగటు మీద వస్తుంది. 2025-26లో భోజనానికి 2.61 పౌండ్లు, ఏడాదికి 190 భోజనాలు. అందుకే తెలివైన వంటశాలలు ఆ రోజు పిల్లలకు బాగా ఇష్టమైనవే వండుతాయి. తప్పేమీ కాదు.

ప్రశ్న: మా అబ్బాయి ఇయర్ 1. భోజనం ఎలాగూ ఉచితమే. అయినా ఫ్రీ స్కూల్ మీల్స్ ఫారం నింపమని బడివాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. మేం వీసా మీద ఉన్నాం. నింపితే వీసాకు ఇబ్బందా? (రీడింగ్)

జవాబు: ముందు వీసా సంగతి. ఫ్రీ స్కూల్ మీల్స్ ఇమిగ్రేషన్ నియమాల్లోని పబ్లిక్ ఫండ్స్ (కొన్ని వీసాల వాళ్లు తీసుకోకూడని ప్రభుత్వ సాయాలు) కిందికి రాదు. ఫారం నింపినందుకు ఇబ్బంది లేదు.

బడి అడుగుతున్నది భోజనం కోసం కాదు, తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లల లెక్కన బడికొచ్చే ప్యూపిల్ ప్రీమియం అనే గ్రాంటు కోసం. ఆదాయాన్ని బట్టి అర్హత ఉన్న పిల్లవాడి పేరు ఒక్కసారి నమోదైతే తర్వాత ఆరేళ్లు బడికి ఆ గ్రాంటు వస్తుంది. మధ్యలో మీ ఆదాయం పెరిగినా ఆగదు. 2025-26లో ప్రైమరీకి 1,515, సెకండరీకి 1,075 పౌండ్లు. చిన్న తరగతుల్లో భోజనం అందరికీ ఉచితం కాబట్టి తల్లిదండ్రులు ఫారం జోలికి వెళ్లరు, బడి ఆ డబ్బు పోగొట్టుకుంటుంది. ఇదీ అక్టోబరు సెన్సస్‌తో ముడిపడిందే. నవంబరులో ఇచ్చిన ఫారం మరుసటి ఏడాది లెక్కలోకి వెళుతుంది.

అర్హత మాటకొస్తే, యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే ప్రభుత్వ భత్యం) తీసుకునేవారికి చేతికొచ్చే సంపాదన ఏడాదికి 7,400 పౌండ్లు దాటకూడదన్నది పాత నిబంధన. 2026 సెప్టెంబరు నుంచి ఆ క్రెడిట్ పొందే కుటుంబాలన్నిటికీ భోజనం ఉచితం. ‘నో రీకోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ (పబ్లిక్ ఫండ్స్ హక్కు లేని) వీసా వాళ్లు యూనివర్సల్ క్రెడిట్ తీసుకోకూడదు గనక వాళ్లకు వేరే వార్షిక ఆదాయ పరిమితులున్నాయి: లండన్ బయట ఒక బిడ్డ ఉంటే 22,700, ఇద్దరు అంతకు మించి ఉంటే 26,300 పౌండ్లు, లండన్‌లో 31,200, 34,800. పొదుపు 16,000 దాటకూడదు. స్కిల్డ్ వర్కర్ జీతాలకు ఇవి చాలావరకు తక్కువే గానీ, ఒకరి ఉద్యోగం పోయినప్పుడో ఒక జీతం మీదే నెట్టుకొచ్చేటప్పుడో చూసుకోవాలి. ఈ దారిలో ఆన్‌లైన్ తనిఖీ పనిచేయదు. పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లతో కాగితం మీద ఇవ్వాలి.

ఆన్‌లైన్ తనిఖీకి వెళ్లే తెలుగువాళ్ల ఫారాలు తిరిగిరావడానికి పేర్ల తేడా కూడా ఒక కారణం కావచ్చు. ఆ వ్యవస్థ ఇంటిపేరు, పుట్టినతేదీ, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు మూడూ కలిపి చూస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉండి, జీతం రికార్డులో మీ సొంత పేరు ఆ గడిలోకి ఎక్కితే ‘దొరకలేదు’ అని వస్తుంది. అర్హత లేదని దాని అర్థం కాదు. జీతం కాగితం మీద ఎలా ఉందో అలాగే ఫారంలో రాసి మళ్లీ పంపండి.

ప్రశ్న: ఈఎస్ఎఫ్ఏ (బడుల నిధులు చూసే ప్రభుత్వ సంస్థ) నుంచి వచ్చే వారపు సమాచారం కనబడడం లేదు. గడువులు ఎక్కడ చూడాలి? (స్లౌ)

జవాబు: ఆ సంస్థ 2025 మార్చి 31న మూతపడింది. పనులన్నీ డీఎఫ్ఈ చేతికి వచ్చాయి. వారపు బులెటిన్ డీఎఫ్ఈ పేరుతో కొనసాగుతోంది. కౌన్సిళ్లకు, అకాడమీలకు విడివిడి సంచికలు. ఒకరి గడువు మరొకరికి వర్తించదు కాబట్టి మీది ఏదో చూసుకుని చందాదారుగా చేరండి.

ప్రశ్న: బడుల భాగం నుంచి అరశాతం హై నీడ్స్‌కు మళ్లిస్తామని మా కౌన్సిల్ అంటోంది. ఆపగలమా? (బర్మింగ్‌హామ్ దగ్గరి ఒక గవర్నర్)

జవాబు: అరశాతం దాకా అయితే స్కూల్స్ ఫోరం (నిధుల విషయాలు చూసే, స్థానిక బడుల ప్రతినిధుల సభ) ఒప్పుకోవాలి. ఫోరం కాదంటేనో, అరశాతానికి మించి కావాలంటేనో కౌన్సిల్ విద్యామంత్రికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ గడువు సాధారణంగా నవంబరు మధ్యలో. అంటే బడులన్నిటినీ అభిప్రాయం అడిగే తంతు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే నడుస్తుంది. ఆ సర్వే మీ హెడ్‌టీచర్ ఇన్‌బాక్స్‌లో పడి, జవాబు లేకుండానే గడువు దాటిపోవడం మామూలే. తర్వాత ఫోరంలో ‘అధిక శాతం బడులు అభ్యంతరం చెప్పలేదు’ అనే వాక్యం వినిపిస్తుంది.

ఫోరం ఏడాదికి కనీసం నాలుగుసార్లు కూర్చోవాలి. సమావేశాలు బహిరంగం, కాగితాలు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. మీరు వెళ్లి కూర్చోవచ్చు, ఓటు ఉండదు. మీ తరఫు సభ్యుడు ఎవరో కనుక్కుని ముందే రాతపూర్వకంగా పంపండి. డీ-డెలిగేషన్ (ఉమ్మడి సేవల కోసం బడులు తమ బడ్జెట్‌లో కొంత కౌన్సిల్‌కే తిరిగి వదిలేయడం) సంగతి వేరు. దాని మీద కౌన్సిల్ బడుల ప్రతినిధులే ఓటేస్తారు, అదీ ప్రైమరీ విడిగా, సెకండరీ విడిగా.

కౌన్సిల్ వైపు ఒత్తిడి నిజమైనదే. హై నీడ్స్ లోటును మిగతా ఖాతాలతో కలపకుండా పక్కన పెట్టుకోనిచ్చే వెసులుబాటు 2026 మార్చితో ముగియాల్సింది, 2028 మార్చి దాకా పొడిగించారు. కానీ మళ్లింపు ఒక్క ఏడాదికే. వచ్చే ఏడాది మళ్లీ అడగాలి. కాబట్టి ‘ఈ డబ్బుతో ఏం తగ్గుతుంది, పోయినసారి మళ్లించింది ఏమైంది’ అనే ప్రశ్నకు లెక్కలతో జవాబు అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: మా అమ్మాయికి ఈహెచ్‌సీ ప్లాన్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఏ సాయం అందాలో కౌన్సిల్ రాసిచ్చే పత్రం) కావాలంటే ముందు బడి 6,000 పౌండ్లు ఖర్చు చేసి చూపించాలంటున్నారు. నిజమేనా? (మిల్టన్ కీన్స్)

జవాబు: చట్టంలో ఆ షరతు లేదు. ప్రత్యేక అవసరం ఉందా లేదా ఉండొచ్చా, దానికి ప్లాన్ ద్వారా సాయం కావాల్సి రావచ్చా అన్నదే 2014 చట్టం చూసేది. 6,000 అన్నది నిధుల లెక్క: అదనపు సాయంలో తొలి 6,000 దాకా బడి తన బడ్జెట్‌లోంచి భరించాలి, పైన అయ్యేది కౌన్సిల్ హై నీడ్స్ భాగం నుంచి టాప్-అప్‌గా వస్తుంది. ఆ 6,000 మీ అమ్మాయి పేర విడిగా వచ్చే డబ్బు కాదు గనక బడి ఇబ్బందీ అర్థం చేసుకోదగిందే. అలాగని మిమ్మల్ని ఆపడానికి అది కారణం కాదు.

మీరే నేరుగా కౌన్సిల్‌కు రాయొచ్చు. అసెస్‌మెంట్ చేస్తారో లేదో ఆరు వారాల్లో చెప్పాలి. ప్లాన్ ఇవ్వాలని తేలితే మొత్తం 20 వారాల్లో ఇవ్వాలి. కాదంటే ఉత్తరం తేదీ నుంచి రెండు నెలలు, లేదా మీడియేషన్ (మధ్యవర్తిత్వం) సర్టిఫికెట్ నుంచి ఒక నెల, రెండింట్లో ఏది ఆలస్యమైతే అప్పటిదాకా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. ఇప్పటికే ప్లాన్ ఉండి సెకండరీకి మారే పిల్లలకు కొత్త బడి పేరుతో ఫిబ్రవరి 15లోగా సవరించిన ప్లాన్ చేతికి రావాలి. 16 దాటి కాలేజీకి వెళ్లేవారికి మార్చి 31.

ప్రశ్న: ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకు వారానికి ఉచితంగా వచ్చే నర్సరీ 30 గంటలకు అర్హత కోడ్ వచ్చింది గానీ జనవరి దాకా ఆగమన్నారు. (హౌన్స్‌లో)

జవాబు: మీ కోడ్ సెప్టెంబరులో వచ్చి ఉంటుంది. సెప్టెంబరు టర్ముకు ఆగస్టు 31లోగా, జనవరి టర్ముకు డిసెంబరు 31లోగా, ఏప్రిల్ టర్ముకు మార్చి 31లోగా కోడ్ చేతిలో ఉండాలి. ఒక్కరోజు ఆలస్యమైనా టర్ము పోయినట్టే. తర్వాత ప్రతి మూడు నెలలకీ వివరాలు సరిచూసి మళ్లీ ధ్రువీకరించాలి. తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరి సర్దుబాటు చేసిన (కొన్ని మినహాయింపులు తీసేశాక మిగిలే) ఏడాది ఆదాయమైనా 1,00,000 పౌండ్లు దాటితే అర్హత ఉండదు. ఇద్దరికీ పబ్లిక్ ఫండ్స్ హక్కు లేని వీసా ఉన్నా రాదు, ఒకరికైనా ఉండాలి. మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ వచ్చే 15 గంటలకు వీసాతో పనిలేదు.

ప్రశ్న: పీఈ ప్రీమియం (పిల్లల వ్యాయామం, ఆటల కోసం బడికొచ్చే గ్రాంటు) కొంత మిగిలింది. వచ్చే ఏడాదికి దాచుకోవచ్చా? (ఓ ప్రైమరీ బిజినెస్ మేనేజర్)

జవాబు: దాచుకోలేరు. జులై 31లోగా ఖర్చు చేసి, దేనికి పెట్టారో అదే తేదీకి వెబ్‌సైట్‌లో పెట్టాలి. మిగిలింది వెనక్కి తీసుకుంటారు. కౌన్సిల్ బడులకు 12లో 7 వంతులు అక్టోబరు చివర, మిగతా 5 ఏప్రిల్ చివర వస్తాయి. రెండో విడత చేతికందేసరికి ఏడాదిలో చివరి టర్ము మొదలైపోయి ఉంటుంది గనక, ఆ డబ్బుతో చేయాల్సిన శిక్షణకు ఫిబ్రవరిలోనే ఆర్డరు పెట్టుకోండి.