సమాధానం: సకినాలు అమ్ముడవుతున్నా డబ్బు మిగలట్లేదు

అక్కా, మీ ఊర్లో చేసి హన్మకొండలో కిలో 400కి ఇస్తున్నా ఏమీ మిగలట్లేదు, శిక్షణకు పోతే లాభమా అని అడిగారు కదా. పొండి. అప్పడాలు మొదలుపెట్టినప్పుడు నాకూ ఇదే టెన్షన్. ట్రైనింగ్‌లో రెండో రోజే సార్ కిలోకయ్యే ఖర్చు రాయమన్నారు. పిండి, నూనె, గ్యాస్ రాశాను. "మరి నీ కూలి ఏదమ్మా?" అన్నారు. అది, విరిగిన సరుకు, ఆటో కిరాయి కలిపితే కిలోకు 30 రూపాయల నష్టం! అప్పటిదాకా ఏడాదంతా అట్లనే అమ్మిన.

గ్రామీణ యువతకు ఆర్‌సెటీల్లో (బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాల్లో) శిక్షణ ఉచితం, తిండి, వసతి కూడా వాళ్లదే. తర్వాత రెండేళ్లు వెంట ఉండి బ్యాంకు లోనుకూ సాయం చేస్తారు. వయసు పరిమితి ఉంటుంది, ముందే కనుక్కోండి. సకినాలు చుట్టడం మాత్రం మీరే వాళ్లకు నేర్పాలేమో!

ఈ వాయికి నూనె ఎంత పట్టిందో కొలిచి ఇక్కడ పెట్టండి, లెక్క చూద్దాం.