రోమ్ వెళ్తున్నావు కదా చిట్టీ, ముందు ఇది చదువు

చిట్టీ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి సెప్టెంబర్ ఆఖర్లో నువ్వు మీ అమ్మానాన్నల్ని మ్యూనిక్ నుంచి రోమ్ తీసుకెళ్తున్నావని చెప్పింది, వింటుంటే నేనే బయల్దేరుతున్నంత సంతోషం వేసింది. తర్వాత నువ్వు పంపిన ప్లాన్ చూశా. నాలుగు రోజుల్లో పద్దెనిమిది చోట్లు రాశావు, ఒక్కోదానికి టైమ్ కూడా వేశావు. అమ్మడూ, ఆ కాగితం పక్కన పెట్టెయ్. మా అల్లుడి ఉద్యోగం వల్ల రెండుసార్లు కలిపి ఐదు నెలలు ఆ ఊళ్ళో ఉన్నా, మొదటిసారి మేమూ అచ్చం ఇలాగే తిరిగాం, రెండు రోజుల్లో కొలోసియం, ఫోరం అనే పాత రోమన్ శిథిలాలు, వాటికన్ అన్నీ చూసేశాం, మూడో రోజుకి మీ పెదనాన్న మోకాలు కొబ్బరికాయంత వాచింది. ఆ తర్వాత రెండు రోజులు గదిలోనే, ఐస్ పెట్టుకుంటూ. ఏం చూశాం అంటే క్యూలు చూశాం.

అందుకని మేం తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాం, అదే నీకూ చెప్తున్నా. పొద్దున ఏడింటికల్లా బయట పడండి, పదకొండున్నర దాకా నడవండి, అన్నం టైమ్‌కి గదికొచ్చి పడుకోండి, మళ్ళీ ఐదింటికి బయల్దేరండి. మధ్యాహ్నం తిరిగినా పెద్ద లాభం లేదు, ఎండా ఉంటుంది, చాలా చర్చిలు పన్నెండున్నర నుంచి మూడు నాలుగు దాకా మూసేస్తారు కూడా. హోటల్ మాత్రం ఊరి మధ్యలోనే తీసుకో, పాంథియన్ అనే పాత రోమన్ గుడి చుట్టుపక్కల అయితే మరీ మంచిది. రేటు ఎక్కువే, నాకు తెలుసు. కానీ మధ్యాహ్నం వచ్చి నడుం వాల్చాలంటే గది నడిచే దూరంలో ఉండాలి కదా. కొలోసియం నుంచి వాటికన్‌లో సెయింట్ పీటర్స్ చర్చి దాకా మొత్తం కలిపినా సుమారు నాలుగు కిలోమీటర్లే, ఆ ఊరు నడవడానికే పుట్టింది.

చెప్పుల సంగతి మీ అమ్మకి నువ్వే గట్టిగా చెప్పు, నా మాట వినదు. అక్కడ రోడ్లకి చిన్న చిన్న నల్లరాళ్ళు పరుస్తారు, సాంపియెత్రీని అంటారు, ఎగుడుదిగుడుగా ఉంటాయి, వాన పడితే జారతాయి. చీర కట్టుకున్నా పర్లేదు, కాళ్ళకి మాత్రం స్పోర్ట్స్ షూసే. అది కూడా కొత్తవి కొని అక్కడే మొదటిసారి వెయ్యొద్దు, ఇప్పట్నుంచే రోజూ వేసుకుని వాకింగ్‌కి వెళ్ళమను.

నీళ్ళ బాటిళ్ళు కొనకండి. ఊరంతా వీధి కొళాయిలుంటాయి, ఇనుముతో చేసిన స్తంభాల్లా ఉంటాయి, నాసోనె అంటారు, అంటే పెద్ద ముక్కు అని. 1874 నుంచి ఉన్నాయి అవి, రాత్రీ పగలూ నీళ్ళు పోతూనే ఉంటాయి, చల్లగా ఉంటాయి, శుభ్రంగా తాగొచ్చు. ముక్కు చివర వేలితో మూస్తే పైన చిన్న కన్నంలోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. మొదట నాకు అనుమానమే, వీధి కొళాయి నీళ్ళేంటి అని, ఐదు నెలలు తాగా, ఏమీ కాలేదు.

కొలోసియం లోపలికి వెళ్ళాలనుకుంటే అఫీషియల్ సైట్‌లో టికెట్ ముందే తీసుకో, టికెట్ మీద పేరుంటుంది కాబట్టి పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే కొట్టు, ఇంటిపేరు ముందా వెనకా అని కంగారు పడకుండా. ఉదయం మొదటి స్లాట్ తీసుకో. ఫోరం, పాలటైన్ కొండ కూడా అదే టికెట్‌లో వస్తాయి, కానీ అక్కడ నీడ తక్కువ, రాళ్ళు ఎక్కువ, మీ నాన్నకి ఇష్టమైతే ఆయన్నీ నువ్వూ వెళ్ళండి. మీ అమ్మకి వేరే దారి ఉంది. కాంపిదోలియో కొండ మీదకి మైకెలాంజెలో గీసిన ఏటవాలు మెట్లదారి ఉంది, మెల్లగా ఎక్కెయ్యొచ్చు. పక్కనే నిటారుగా ఇంకో మెట్ల వరస కనిపిస్తుంది, అటు పోవద్దు, అవి 124 మెట్లు. పైకెక్కాక ఎదురుగా మధ్యలో కనపడే భవనం పక్క నుంచి వెనక్కి వెళ్తే ఫోరం మొత్తం కాళ్ళ కింద పరిచినట్టు కనపడుతుంది, డబ్బులేం కట్టక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి అక్కడ నిలబడితే ఆ పాత స్తంభాల మీద ఎండ పసుపు రంగులో పడుతుంది. టికెట్ కొని లోపల తిరిగినప్పటి కంటే ఆ గోడకి ఆనుకుని చూసినప్పుడే నాకు ఆ ఊరు ఎంత పాతదో అర్థమైంది.

పాంథియన్‌కి 2023 నుంచి టికెట్ పెట్టారు, పెట్టినా చూడాల్సిందే. దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ళ కాంక్రీటు గుమ్మటం, 43 మీటర్ల వెడల్పు, లోపల ఇనుప ఊచ ఒక్కటి కూడా లేదు. నడినెత్తిన తొమ్మిది మీటర్ల దాకా గుండ్రటి కంత. వాన పడితే లోపల పడుతుంది, నేల మధ్యలో చిన్న చిన్న కన్నాలున్నాయి, నీళ్ళు అందులోంచి పోతాయి. వాన రోజు వస్తే మిగతా ప్లాన్ మానేసి అక్కడికే వెళ్ళండి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. పాంథియన్ నుంచి ఐదు నిమిషాల్లో పియాజ్జా నవోనా వస్తుంది, పొడుగ్గా ఉంటుంది ఆ మైదానం, ఎందుకంటే అది డొమీషియన్ చక్రవర్తి కట్టించిన పందేల స్టేడియం, జనం కూర్చునే మెట్లున్న చోటే తర్వాత ఇళ్ళు కట్టుకున్నారు, ఆకారం మాత్రం అలాగే ఉండిపోయింది. మధ్యలో బెర్నీని చేసిన నాలుగు నదుల ఫౌంటెన్ ఉంది, 1651లో పూర్తయింది. నాలుగు ఖండాలకి నాలుగు నదులు, ఆఫ్రికాకి నైలు, యూరప్‌కి డాన్యూబ్, అమెరికాకి ప్లాటా, ఆసియాకి మన గంగ! మేం మొదటిసారి దాని పక్కనుంచే నడిచి వెళ్ళిపోయాం, ఫోటో కూడా తీసుకున్నాం, తెలీలేదు. రెండోసారి మా అమ్మాయి చెప్తే వెతికా. చేతిలో పొడుగాటి తెడ్డు పట్టుకుని ఒక మగమనిషి కూర్చుని ఉంటాడు, గడ్డంతో, ఆయనే గంగ. ఆ నదిలో ఎంత దూరమైనా పడవలు నడుస్తాయని ఆ తెడ్డు పెట్టారట. మనకి గంగమ్మ తల్లి కదా, ఈ గడ్డమేంటి అని ముందు మనసు ఒప్పుకోలేదు. తర్వాత అక్కడే రాతి బెంచీ మీద కూర్చుండిపోయా. మూడొందల డెబ్భై ఏళ్ళ కిందట, గంగని కళ్ళతో చూడని మనుషులు, విన్నది విన్నట్టు ఊహించుకుని ఇంత పెద్ద రాయిలో చెక్కారు, మన నది పేరు ఇంత దూరం ఎలా నడిచొచ్చిందో అని. మీ అమ్మమ్మ అస్థికలు కాశీలో కలిపింది మీ అమ్మే, నీకు గుర్తుండదు, నువ్వు బాగా చిన్నదానివి. అందుకే చెప్తున్నా, మీ అమ్మని అక్కడికి పొద్దున ఏడున్నరకి తీసుకెళ్ళు, జనం రాకముందు. గంగ ఏదో చూపించి నువ్వు కాస్త పక్కకి వెళ్ళు. అరగంట వదిలెయ్.

అక్కడికి రెండు వీధుల అవతల సాన్ లూయిజీ దెయ్ ఫ్రాంచేజీ అని చర్చి, లోపల కరవాజో వేసిన మూడు పెద్ద బొమ్మలున్నాయి, ఉచితం. నేను వెళ్ళినప్పుడు నాణెం వేస్తే లైటు వెలిగేది, చిల్లర పెట్టుకో. త్రెవి ఫౌంటెన్ తెల్లారకముందు చూడండి లేదా మానెయ్యండి, పగలు తలకాయలు తప్ప నీళ్ళు కనపడవు. స్పానిష్ స్టెప్స్ మీద 2019 నుంచి కూర్చోనివ్వట్లేదు, ఫైన్ వేస్తారు, మీ నాన్న ఎక్కడ మెట్టు కనిపిస్తే అక్కడ కూర్చునే మనిషి, చూసుకో.

సెయింట్ పీటర్స్‌కి బుధవారం పొద్దున వద్దు, పోప్ గారి సభ ఉంటే లోపలికి పంపరు. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. గుమ్మటం మీదకి 551 మెట్లు, లిఫ్ట్ ఎక్కినా ఇంకా 320 మిగుల్తాయి, కాబట్టి మీ అమ్మని కిందే ఉంచు. ముందున్న మైదానంలో నేల మీద రెండు పక్కలా ఒక్కో గుండ్రటి రాయి ఉంటుంది, ఒకదాని మీద నిలబడి ఆ పక్కనున్న స్తంభాలు చూడమను, నాలుగు వరసలూ ఒకే వరసలా కనపడతాయి. అక్కడినుంచి ఒక్క అడుగు జరిగితే మళ్ళీ విడిపోతాయి. మీ పెదనాన్న పది సార్లు అటూ ఇటూ జరిగి చూశారు.

తిండి గురించి. తూకానికి అమ్మే పిజ్జా షాపులుంటాయి, కత్తెరతో కోసి తూచి ఇస్తారు, బంగాళదుంపది, టమాటాది అడుగు, కడుపు నిండుతుంది. కార్బొనారా అనే పాస్తాలో పంది మాంసం ఉంటుంది, సుప్లీ అనే వేయించిన అన్నం ఉండల్లో కూడా చాలాసార్లు మాంసం కూర కలుపుతారు, "సెంజా కార్నే", అంటే మాంసం లేకుండా, అని అడిగి తీసుకో. మీ అమ్మ చీజ్ విషయంలో పట్టింపు ఉంటే పెకొరీనో, పార్మిజాన్ కూడా వద్దు, గొర్రెపిల్ల, దూడ పొట్టలోంచి తీసిన దానితో పాలు విరగ్గొడతారు. మొదటి రోజుకి పులిహోర కలుపుకుని వెళ్ళండి, నామోషీ ఏం లేదు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు. కాఫీ తాగిన చోటే బాత్రూమ్ కూడా వాడుకోండి, బయట దొరకడం కష్టం.

దొంగల గురించి నీకు అందరూ చెప్పే ఉంటారు, నేను అనుభవించి చెప్తున్నా. కిక్కిరిసిన బస్సులో నా భుజం బ్యాగు జిప్పు ఎప్పుడు తీశారో తెలీదు, దిగాక చూస్తే పర్సు లేదు. డబ్బు పోయింది సరే, అందులో మా అమ్మ ఫోటో ఉంది. పాస్‌పోర్టులు గదిలో పెట్టి, కొలోసియం రోజు మాత్రం లోపలి జేబులో పెట్టుకోండి. ఎవరైనా చేతికి దారం కడతానన్నా, గులాబీ ఇచ్చినా చెయ్యి చాపొద్దు. మీ అమ్మ మొహమాటానికి తీసేసుకుంటుంది.

బీపీ మాత్రలు చేతి సంచీలోనే పెట్టమను. హోటల్ బుక్ చేశాక మన టైమ్ రాత్రి తొమ్మిది లోపు ఫోన్ చేసి అడ్రస్ చెప్పు, మ్యాప్ చూసి మీ వీధికి దగ్గర్లో నీళ్ళ కొళాయి ఎక్కడుందో చెప్తా.

మీ పెద్దమ్మ