గోదాము దాటి బయటికి వెళ్లకండి

మీరు పంపిన సినిమా కథ చదివాను: గుంటూరు మిర్చి గోదాములో ఆరుగురు బందీలు, ఒక తుపాకీ, ఒక రాత్రి. ఇరవై నిమిషాలు దాటగానే కథ చప్పబడుతోందని, బయట పోలీసులను చూపడానికి డబ్బు లేదని రాశారు. వాళ్లను చూపించనే వద్దండీ. షట్టరు కింది సందులోంచి పాకే వెలుతురు, జీపు ఆగిన చప్పుడు, మైకులో ఒక గొంతు చాలు. లోపలి వాళ్లకు తెలియనిది ప్రేక్షకుడికీ తెలియకూడదు.

మీ కథకు అసలు బలం మిర్చి ఘాటు. దాన్ని మీరు వాడుకోనే లేదు! టిక్కీల (మిర్చి బస్తాల) వెనక నక్కిన అమ్మాయికి దగ్గు తన్నుకొస్తోంది. చున్నీ నోట్లో కుక్కుకుంది, కళ్లలో నీళ్లు, మెడ నరాలు ఉబ్బాయి. దుండగుడు రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. ఈ ఒక్క దగ్గు మీద ఐదు నిమిషాలు నడపవచ్చు. అయితే మొదటి సన్నివేశంలోనే అతను కూడా దగ్గాలి, అప్పుడే ఇది అతికించినట్లు ఉండదు.

చిత్రీకరణకు మాత్రం బస్తాల్లో ఊక నింపండి, నటుల గొంతులు పాడుచేయకండి.

ఇక కెమెరా. దాదాపు ఒకే గదిలో నడిచే 1957 నాటి సినిమా ‘12 యాంగ్రీ మెన్’లో దర్శకుడు సిడ్నీ లుమెట్ కథ సాగేకొద్దీ ఫోకల్ లెంగ్త్ ఎక్కువున్న (దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే) లెన్సులకు మారుతూ, కెమెరాను కంటి మట్టం పైనుంచి కిందికి దించుతూ వచ్చారు. గది కుంచించుకుపోతున్నట్లు అనిపిస్తుంది. రెండు లెన్సులతో మీరూ చేయగలరు.

బొమ్మ తుపాకీ తీసే ముందు స్థానిక పోలీస్ స్టేషన్‌లో తప్పక చెప్పండి.