ఖరీదైన వస్తువులు, కొన్నాక వచ్చే ప్రశ్నలు

ప్రశ్న: ఏడాది క్రితం మా ఊళ్లో పెట్టిన ఎగ్జిబిషన్‌లో మావారు రూ. 1,70,000 పెట్టి మసాజ్ కుర్చీ కొన్నారు. అత్తగారికీ మామగారికీ నడుం నొప్పి ఉంది గనుక ఉపయోగపడుతుందనుకున్నాం. మొదట్లో ఇద్దరూ రోజూ కూర్చున్నారు గానీ, ఆ పిసుకుడు తట్టుకోలేక అత్తగారు మానేశారు. ఆవిడ మానేసరికి మామగారూ మానేశారు. ఇప్పుడది హాల్లో సగం ఆక్రమించుకొని, ఇస్త్రీకి వేయాల్సిన బట్టలు పడేయడానికి పనికొస్తోంది. వాయిదాలు ఇంకా 10 ఉన్నాయి. వినియోగదారుల చట్టం కింద తిరిగి ఇచ్చేయవచ్చని మా మరిది అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మాగుంట లేఅవుట్, నెల్లూరు

జవాబు: మీ మరిది చెప్పినదాంట్లో సగమే నిజం, అమ్మా. వాడటం మానేశామన్న కారణంతో వస్తువును వెనక్కి తీసుకోమని దుకాణదారును నిలదీసే హక్కును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇవ్వలేదు. వస్తువులో లోపం ఉంటే సంగతి వేరు: బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా దానిని వెనక్కి తీసుకొని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. మీ విషయంలో చూడవలసింది మరొకటి. కుర్చీతో పాటు ఇచ్చిన కరపత్రంలో నడుం నొప్పి నయమవుతుందని అచ్చువేసి ఉంటే, అది తప్పుదోవ పట్టించే ప్రకటన అని వాదించడానికి వీలుంది. అమ్మినతను నోటితో చెప్పిన మాటలను రుజువు చేయడం మాత్రం కష్టం. అలాంటి కాగితం దొరికితే ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మామూలుగా 2 ఏళ్ల లోపే వెళ్లాలి, రూ. 5 లక్షల లోపు కొనుగోళ్లకు రుసుము ఉండదు.

కాగితం లేకపోతే కేసు సంగతి వదిలేసి అమ్మకం సంగతి చూడండి. సగం ధర కూడా రాదేమోనన్న బాధతో ఇలాంటివి ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉంచుకునేవారు చాలామంది ఉన్నారు. కానీ కుర్చీ ఉన్నా లేకపోయినా వాయిదాలు కట్టక తప్పదు కదా! వచ్చినంత రాబట్టుకుంటే హాలైనా మిగులుతుంది. అప్పు తీరేదాకా అమ్మకూడదన్న షరతు ఒప్పందంలో ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే, మిగిలిన మొత్తం ఒకేసారి తీర్చడానికి ఎంత కట్టాలో ఫైనాన్స్ సంస్థను రాతపూర్వకంగా అడగండి. ‘వడ్డీ లేని వాయిదాలు’ అని చెప్పి ఉంటే, ప్రాసెసింగ్ రుసుము ఎంత పట్టారో కూడా చూడండి. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. వడ్డీని రుసుములోనైనా కలుపుతారు, ఇవ్వాల్సిన డిస్కౌంటులోనైనా మింగేస్తారు.

ఇంకొక్క మాట. అమ్మేదేదో అక్టోబరు రాకముందే అమ్మండి. మన జిల్లాలో వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. ఆ తేమకు కృత్రిమ తోలు పొట్టు లేవడం మొదలుపెడితే, చేతులు ఆనే చోట అరచేతి మేర పెచ్చు ఊడినా కొనేవారు ఆ కుర్చీ వైపు చూడరు.

ప్రశ్న: పనిమనిషి మానేసిందని రూ. 48,000 పెట్టి డిష్‌వాషర్ కొన్నాం. గాజు గ్లాసుల మీద తెల్లటి మరకలు పోవడం లేదు. ఇడ్లీ రేకులు నల్లబడిపోయాయి. అన్నీ మళ్లీ చేత్తోనే తోముకుంటున్నప్పుడు ఈ సోకు దేనికని మా అమ్మ రోజూ అంటోంది. అమ్మేయమంటారా?
– ఒక పాఠకుడు, కర్నూలు రోడ్డు, ఒంగోలు

జవాబు: అప్పుడే అమ్మకండి. మీరు బోరు నీళ్లు వాడుతున్నట్టున్నారు. తెల్లటి మరకలు ఉప్పు నీటిలోని సున్నపు అంశం వల్ల వచ్చేవి. యంత్రం తలుపు తెరిచి కింది అరను బయటికి లాగితే, అడుగున గుండ్రటి మూత ఒకటి కనిపిస్తుంది. అది నీటి కాఠిన్యాన్ని తగ్గించే గది. మొదటిసారి అందులో నీళ్లు నింపి, ఆ తర్వాత డిష్‌వాషర్ల కోసమే అమ్మే రాళ్ల ఉప్పు పోయాలి. వంటింటి అయోడైజ్డ్ ఉప్పు పోయకూడదు. గడ్డకట్టకుండా అందులో కలిపే పదార్థాలు లోపల పేరుకుంటాయి. నీటి కాఠిన్యాన్ని బట్టి యంత్రంలో అంకె మార్చుకోవాలి. ఈ పని చేయకుండా ఎంత ఖరీదైన డిటర్జెంట్ బిళ్లలు వేసినా ఫలితం ఉండదు.

ఇడ్లీ రేకుల విషయంలో మాత్రం తప్పు యంత్రానిది కాదు. యంత్రంలో వేసే డిటర్జెంట్‌లోని క్షారానికి అల్యూమినియం నల్లబడుతుంది. చింతపండుతో తోమితే కొంత మెరుగుపడతాయి గానీ, మళ్లీ లోపల పెట్టకండి. ఇనుప మూకుళ్లు, ఇత్తడి సామాను కూడా అంతే. స్టీలు, గాజు, పింగాణీ సామానే అందులో పెట్టాలి. అంటే చేత్తో తోముకోవలసినవి కొన్ని ఎప్పటికీ మిగులుతాయి; అందుకని మీ అమ్మగారి మాటలో కొంత న్యాయం ఉంది. అయినా పూటపూటకూ పేరుకునే కంచాలు, గ్లాసులు, గిన్నెలు తగ్గితే అది చిన్న ఊరట కాదు.

ప్రశ్న: నెల్లూరు నుంచి వచ్చిన మా బావగారు ఆర్వో యంత్రం దండగని, మంచినీళ్లకంటే వృథా నీళ్లే ఎక్కువ వస్తాయని అన్నారు. మేం కొని రెండేళ్లయింది. తీసేయమంటారా?
– ఒక గృహిణి, కనిగిరి

జవాబు: తీసేయవద్దమ్మా. మీ బావగారి మాట, నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్న ఇళ్లకైతే సరిపోతుంది. కనిగిరి ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ దశాబ్దాలుగా ఉన్న సమస్య. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, మరో దారి లేకపోతే 1.5 వరకు అనుమతించవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. కాచి వడపోసినా ఫ్లోరైడ్ పోదు, యూవీ దీపం యంత్రాలతోనూ పోదు. ఆర్వో పొర దాన్ని చాలావరకు ఆపుతుంది. మెకానిక్ తెచ్చే టీడీఎస్ పెన్ను నీటిలో కరిగిన మొత్తం లవణాలనే కొలుస్తుంది, ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు కాబట్టి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో యంత్రానికి ముందు నీళ్లు, తర్వాతి నీళ్లు రెండూ పరీక్ష చేయించండి. బయటికి పోయే నీటిని గచ్చు కడగడానికి వాడండి, గేదెలకు మాత్రం పెట్టకండి. ఫ్లోరైడ్ అందులో మరింత చిక్కబడి ఉంటుంది.

ప్రశ్న: ట్రెడ్‌మిల్ కొనాలని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. రూ. 40,000 అవుతుందట. కొనమంటారా?
– ఒక తండ్రి, కోవూరు

జవాబు: ఇంకా కొనలేదు గనుక తొందరేమీ లేదు. మూడు నెలల పాటు రోజూ పొద్దున్నే మీ ఊరి కాలువ గట్టు మీద నడవమనండి. అలా నడిచినవాడు వానాకాలం కోసం యంత్రం అడిగితే అప్పుడు ఆలోచించవచ్చు. కొనే పక్షంలో దానికోసం విడిగా 16 ఆంపియర్ల ప్లగ్గు పెట్టించాలి, కదలకుండా ఉంచడానికి చోటు చూడాలి. మడిచి మంచం కింద పెట్టుకునే రకం చూపిస్తే, అది నడకకే గాని పరుగుకు పనికిరాదని అబ్బాయికి ముందే చెప్పండి.